బేస్‌బాల్, ట్రాక్ రెండూ ఆడే కాలేజీ పిల్లల కోసం

1938 మే 7. కాలిఫోర్నియాలోని పసడీనా జూనియర్ కాలేజీ కుర్రాడొకడు పొమోనాలో లాంగ్‌జంప్ పోటీకి దిగి 25 అడుగుల 6½ అంగుళాలు దూకాడు. మన లెక్కలో 7.78 మీటర్లు. జూనియర్ కాలేజీల జాతీయ రికార్డు అది. అంతకుముందు ఆ రికార్డు ఉన్నది అతని సొంత అన్న మాక్ రాబిన్సన్ పేరు మీద. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లలో జెస్సీ ఓవెన్స్ తర్వాత రెండో స్థానంలో వచ్చినవాడు మాక్. రికార్డు బద్దలుకొట్టిన తమ్ముడు జాకీ రాబిన్సన్ దూకడం అవగానే బయల్దేరి, యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి గ్లెండేల్‌లో అదే రోజు బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ కూడా ఆడాడు. ఆ మ్యాచ్‌లో అతని జట్టే గెలిచింది.

రెండు ఆటలూ ఆడతానని ముందుకొచ్చే ప్రతి పిల్లవాడికీ, పిల్లకీ ఈ కథ చెప్పాలి. కానీ సగంలో ఆపకూడదు. రెండేళ్ల తర్వాత 1940లో రాబిన్సన్ లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చదువుతూ 24 అడుగుల 10¼ అంగుళాలు దూకి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల క్రీడా సంఘం) లాంగ్‌జంప్ టైటిల్ గెలిచాడు. అదే ఏడాది యూసీఎల్ఏ బేస్‌బాల్ జట్టులో అతని బ్యాటింగ్ సగటు .097. పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే ఒక్క హిట్టు కూడా పూర్తిగా రాలేదన్నమాట. దేశంలోకెల్లా దూరం దూకే కాళ్లున్నా బంతి బ్యాట్‌కి తగల్లేదు. 1949లో అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో .342 సగటుతో, 37 స్టీల్స్‌తో (పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరడం) అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్నదీ అతనే. బ్యాటింగ్ తర్వాత నేర్చుకోగలిగాడు. వేగం మాత్రం ముందునుంచీ ఉంది.

దీనికి అటువైపు ఉదాహరణ హెర్బ్ వాషింగ్టన్. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ స్ప్రింటర్, ఇండోర్ 50, 60 గజాల పరుగుల్లో ప్రపంచస్థాయి మనిషి. 1974లో మేజర్ లీగ్‌లోని ఓక్లాండ్ జట్టు అతన్ని పరిగెత్తడానికి మాత్రమే తీసుకుంది. మొత్తం 105 మ్యాచ్‌లలో దిగాడు, ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు. 48 సార్లు బేస్ దొంగిలించబోయి (స్టీల్ అంటే ఇదే) 31 సార్లు నెగ్గి, 17 సార్లు దొరికిపోయాడు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్‌లో అవతలి జట్టు పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి వేసేవాడు) మైక్ మార్షల్ అతన్ని మొదటి బేస్ దగ్గరే పట్టేశాడు. ప్రపంచంలో అందరికంటే వేగంగా మొదలయ్యేవాళ్లలో ఒకడు ప్రతి మూడు ప్రయత్నాల్లో ఒకసారి ఎందుకు దొరికిపోయాడు? తుపాకీ చప్పుడుకి కదలడం వేరు, పిచ్చర్ కాలు చూసి కదలడం వేరు. ట్రాక్ పిల్లలకి బేస్‌బాల్ నేర్పేవాళ్లు మొదట పట్టించుకోవలసింది ఈ తేడానే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బేస్‌బాల్ ఆడే పిల్లలు ఎక్కువగా మూడు దారుల్లో వస్తారు. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లు కొందరు. కాలేజీలో చేరాక పీడీ మాస్టారు జట్టుకి మనుషులు చాలక ట్రాక్ నుంచి లాక్కొచ్చినవాళ్లు మరికొందరు. మిగతావాళ్లు క్రికెట్ నుంచి వచ్చినవాళ్లు. ట్రాక్ నుంచి వచ్చినవాళ్ల మీద రెండు ఆటల బరువూ పడుతుంది, ఈ రాత ముఖ్యంగా వాళ్లకీ వాళ్ల మాస్టార్లకీ. చెప్పదలచుకున్నది ఒకటే: రెండు ఆటలకీ కాళ్లు ఒకటే జత. ట్రాక్ మాస్టారు ఒక నోట్‌బుక్, బేస్‌బాల్ మాస్టారు ఇంకో నోట్‌బుక్ రాసుకుంటే ఆ పిల్లవాడు మూడో నెలలో కుంటుతాడు. పూర్తివేగంతో పరిగెత్తిన మీటర్లన్నీ, అది ట్రాక్ మీదైనా బేసుల మధ్యైనా, ఒకే పుస్తకంలో పడాలి.

ముందు ఏ ఈవెంట్లు కలుస్తాయో చూద్దాం. 100, 200, 4×100 రిలే, లాంగ్‌జంప్ బేస్‌బాల్‌కి బాగా కలుస్తాయి. 400 కష్టం. ఆ శిక్షణలో వచ్చే అలసట రెండు మూడు రోజులు కాళ్లలో ఉండిపోతుంది, ఆ రోజుల్లో బేస్‌బాల్ స్ప్రింట్ చేయిస్తే తొడ వెనక పట్టేస్తుంది. 800, ఆ పైన పరుగులు బేస్‌బాల్‌కి ఇచ్చేది ఏమీ లేదు. ట్రిపుల్ జంప్ వద్దనే చెప్పాలి, మోకాలికీ చీలమండకీ అది చాలా బరువు. జావెలిన్ విషయం కాసేపట్లో.

కొలతలు చూస్తే కారణం తెలుస్తుంది. బేస్‌బాల్‌లో బేస్‌కీ బేస్‌కీ 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు. సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులు, 18.29 మీటర్లు. కాలేజీ స్థాయి స్ప్రింటర్ పూర్తి వేగం అందుకునేది 40, 50 మీటర్ల దగ్గర. అంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి మొదటి బేస్‌కి పరిగెత్తేవాడు ఆ దారంతా ఇంకా వేగం పెంచుకుంటూనే ఉంటాడు. సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయి విషయంలో ఇది ఇంకా నిజం. మొదటి ఏడెనిమిది అంగల్లోనే ఆమె ఆట తేలిపోతుంది. అందుకే రెండు ఆటలకీ పనికొచ్చే శిక్షణ ఒకటుంది: 10 నుంచి 30 మీటర్ల వరకు వేగం పెంచుకునే పరుగులు.

ఆ పరుగులు ఎలా చేయించాలి? ఒక రోజులో పూర్తివేగంతో 300 మీటర్లు చాలు. బాగా అలవాటైనవాళ్లకి 400, 500. ఉదాహరణకి 10 మీటర్లవి ఆరు, 20వి ఆరు, 30వి నాలుగు. పరుగుకీ పరుగుకీ మధ్య విశ్రాంతి ప్రతి 10 మీటర్లకి ఒక నిమిషం లెక్క. 30 మీటర్లు పరిగెత్తితే మూడు నిమిషాలు. ఇక్కడే చాలామంది మాస్టార్లు ఓపిక పట్టలేరు. పిల్లలు నిలబడి ఉంటే ఊరికే ఉన్నట్టు అనిపించి ఇంకోటి పరిగెత్తిస్తారు. అప్పుడు జరిగేది వేగం శిక్షణ కాదు, అలసటతో చేసే శిక్షణ. స్టాప్‌వాచ్ చేతిలో పెట్టుకోండి. మొదటి పరుగు కంటే ఏ పరుగైనా నూటికి మూడు నాలుగు వంతులు నెమ్మదిస్తే ఆ రోజుకి ఆపేయండి. మళ్లీ వేగంగా పరిగెత్తడానికి 48 గంటలు గడవాలి.

వారం ఇలా కుదురుతుంది. సోమవారం పొద్దున్న వేగం పెంచుకునే పరుగులు, వాటి చివర్లోనే బ్యాట్ ఊపి మొదటి బేస్‌కి పరిగెత్తేవి నాలుగు. ఈ నాలుగూ ఆ 300లోనే లెక్క, అదనం కాదు. మంగళవారం బ్యాటింగ్, గ్లవ్ పని, దగ్గర విసుర్లు. బుధవారం లాంగ్‌జంప్‌లో ఆరు నుంచి ఎనిమిది అంగల పొట్టి రన్నప్‌తో దూకుళ్లు, పది దాటకుండా. గురువారం పూర్తివేగం: 25 మీటర్లు మెల్లగా వేగం పెంచి తర్వాత 20 మీటర్లు నిండు వేగంతో, ఇలా నాలుగైదు, మధ్యలో నాలుగైదు నిమిషాలు. శుక్రవారం మళ్లీ బ్యాటింగ్. శనివారం మ్యాచ్. ఆదివారం ఏమీ లేదు. శనివారం మ్యాచ్ లేకపోతే ఆ ఖాళీలో ఇంకో స్ప్రింట్ పెట్టాలన్న కోరిక కలుగుతుంది. పెట్టొద్దు, ఆ రోజు స్లైడింగ్ (నేలమీద జారుతూ బేస్‌ని చేరడం) నేర్పండి.

స్టార్ట్ గురించి. ట్రాక్‌లో స్టార్ట్‌కి పాదాలు ఆనించే బ్లాకుల్లో ముందు బ్లాక్ గీతకి సుమారు రెండు పాదాల దూరంలో, వెనక బ్లాక్ మూడు పాదాల దూరంలో పెట్టుకోవడం మామూలు పద్ధతి. సెట్ అన్నప్పుడు ముందు మోకాలు 90 డిగ్రీలు, వెనక మోకాలు 120, 130 మధ్య. ఇక్కడ పక్కలకి కదలడం ఉండదు, ముఖం గమ్యం వైపే. బేస్ దొంగిలించేవాడు మాత్రం పక్కకి తిరిగి నిలబడి ఉంటాడు. వాడి మొదటి కదలిక: కుడి పాదాన్ని నేలమీదే రెండో బేస్ వైపు కాస్త తిప్పి, ఎడమ కాలిని దాని ముందునుంచి దాటించి వేయడం. ట్రాక్ పిల్లలు ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. ఒకటి, కదిలే ముందు నడుము పైకి లేపుతారు, దాంతో మొదటి అంగ ముందుకి కాకుండా మీదకి పోతుంది. రెండోది, కుడికాలు వెనక్కి ఒక అడుగు వేసి అప్పుడు బయల్దేరతారు. చూడ్డానికి చిన్న విషయమే కానీ అక్కడే ఒక అంగ పోతుంది. పది రోజులు రోజుకి ఆరుసార్లు, ఐదే ఐదు మీటర్లు, పక్కనుంచి ఫోన్‌లో నెమ్మది వీడియో తీసి చూపిస్తే సర్దుకుంటుంది. మాటలతో చెప్తే సర్దుకోదు.

ఇక చూపు. కుడిచేతి పిచ్చర్ అయితే వాడి పాదాలు చూడాలి. ఎడమ పాదం ముందు లేచిందంటే బంతి హోమ్‌కే. కుడి మడమ ముందు కదిలిందంటే మొదటి బేస్ వైపు తిరుగుతున్నాడు, వెనక్కి దూకాలి. ఎడమచేతి పిచ్చర్ మొదటి బేస్ వైపే ముఖం పెట్టి నిలబడతాడు కాబట్టి అతని మీద దొంగిలించడం ఎవరికైనా కష్టమే. దీనికి మైదానంలో చేసే కసరత్తు సులువైనది: పిచ్చర్ వేషంలో ఒకరు నిలబడి ఎటైనా కదులుతారు, పరిగెత్తేవాడు రెండే అంగలు, ముందుకో వెనక్కో. రెండు అంగలే కనక వేగం మీటర్ల లెక్కలోకి రాదు, మంగళవారం కూడా చేయించవచ్చు. హెర్బ్ వాషింగ్టన్‌కి కాళ్లలో లోటు లేదు, పిచ్చర్‌ని ఇలా చదవడంలోనే ఉంది లోటు.

దొంగతనానికి లెక్క కూడా ఉంది. పెద్ద స్థాయిలో పిచ్చర్ కదిలిన క్షణం నుంచి బంతి బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ చేతికి 1.3, 1.4 సెకన్లు. క్యాచర్ చేతిలోంచి రెండో బేస్‌కి సుమారు 2 సెకన్లు. రెండూ కలిపి 3.3, 3.4. మొదటి బేస్ నుంచి మూడున్నర మీటర్లు ముందుకి జరిగి నిలబడితే మిగిలేది 24 మీటర్లు. ఆ 24 మీటర్లు, స్లైడ్‌తో కలిపి, మీకు ఎంత పడుతుందో ముందే కొలిచి పెట్టుకోండి. అవతలి జట్టు వార్మప్‌లో క్యాచర్ రెండో బేస్‌కి విసిరేటప్పుడు మీలో ఒకరు స్టాప్‌వాచ్ నొక్కాలి. పిచ్చర్‌ది మొదటి ఇన్నింగ్స్‌లో కొలవండి. కూడితే వెళ్లాలా వద్దా తెలిసిపోతుంది. మన కాలేజీ మ్యాచ్‌లలో ఈ పని చేసే జట్టు అరుదు, చేసినవాళ్లకి మాత్రం ఊరికే బేసులు దొరుకుతాయి.

మొదటి బేస్‌కి పరిగెత్తడంలో లాంగ్‌జంప్ పిల్లలకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. దూకేముందు చివరి రెండు అంగల్లో నడుము కాస్త దించి బోర్డు మీద కాలు కొట్టడం వాళ్ల ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. బేస్ కనపడగానే అదే చేస్తారు: చివర్లో అంగలు పొట్టి చేసుకుని బేస్ మీదకి ఎగిరి దిగుతారు. గాల్లో ఉన్న కాళ్లు నేలని తన్నవు కాబట్టి వేగం పోతుంది, పైగా చీలమండ మెలిపడే చోటు కూడా అదే. మొదటి బేస్‌ని దాటి పరిగెత్తవచ్చు, నియమం ఒప్పుకుంటుంది. బేస్‌కి మూడు నాలుగు మీటర్ల అవతల ఒక కోన్ పెట్టి, గమ్యం అదే అని చెప్పండి. బేస్ ముందు అంచుని పాదంతో తాకి దాటిపోవాలి, తర్వాత కుడివైపు తల తిప్పి బంతి పక్కకి పోయిందేమో చూడాలి.

రెండు బేసులకి పరిగెత్తేటప్పుడు మాత్రం 200 మీటర్లవాళ్లది పైచేయి. ట్రాక్ మీదా బేసుల చుట్టూ కూడా తిరిగేది ఎడమవైపే. వంపులో ఎడమ భుజం దించి లోపలికి ఒరగడం వాళ్లకి వచ్చు. కాకపోతే ట్రాక్ వంపు వ్యాసార్ధం 36.5 మీటర్లు, బేస్ దగ్గర వంపు అందులో చిన్న భాగం. కనక బేస్‌కి ఐదారు మీటర్ల ముందే కుడివైపుకి కాస్త బయటికి జరిగి, లోపలి మూలని తొక్కి, నేరుగా తర్వాతి బేస్ వైపు రావాలి. ఎడమకాలితో తొక్కితే మంచిది, కానీ దానికోసం అంగలు మార్చుకోవద్దు, ఏ కాలు వస్తే ఆ కాలు. ఏడాది పొడుగునా ఎడమవైపే తిరిగే ఒళ్లు కాబట్టి వార్మప్ చుట్లు సగం కుడివైపు పరిగెత్తించండి.

స్లైడింగ్ ఇక్కడ సరిగ్గా నేర్పడం లేదు. మన నేల ఎర్రమట్టి, గజపతినగరం, సాలూరు వైపు ఎండకాలంలో సిమెంటులా బిగుసుకుంటుంది. అలాంటి నేలమీద మొదటిసారి స్లైడ్ చేసినవాడు తొడ చర్మం పోగొట్టుకుని మళ్లీ జన్మలో చేయడు. గడ్డి మీద టార్పాలిన్ పరిచి నీళ్లు చల్లండి, బూట్లు విప్పి సాక్సులతో, పొడుగు ప్యాంటుతో చేయించండి. ఒక కాలు మడిచి దాని మీద కూర్చుంటూ, రెండో కాలు చాచి, బేస్‌కి రెండున్నర మూడు మీటర్ల ముందు మొదలుపెట్టాలి. ఆలస్యంగా మొదలుపెడితే వేగమంతా చాచిన కాలి చీలమండ మీద పడుతుంది, దెబ్బలన్నీ అందువల్లే. ఇంకొకటి, భయంతో చెయ్యి నేలమీద ఆనిస్తారు, మణికట్టు విరుగుతుంది. రెండు పిడికిళ్లలో మట్టి పట్టుకుని స్లైడ్ చేయమనండి. మట్టి జారకుండా చూసుకుంటూ చేతులు వాటంతటవే పైకి ఉంటాయి.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్లకి వేరే అలవాట్లు మాన్పాలి: బ్యాట్ పట్టుకుని పరిగెత్తడం, గీత దగ్గరకొచ్చి ఆగిపోవడం, కొట్టాక పరిగెత్తాలా వద్దా అని బంతి వంక చూడటం. బేస్‌బాల్‌లో ఫెయిర్‌గా, అంటే హద్దు గీతల లోపల, నేలమీద పడిన ప్రతి బంతికీ పరిగెత్తాల్సిందే. ఇది నెలలో సర్దుకుంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

మైదానం గీయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొలతలు తప్పిన మైదానంలో నేర్చుకున్న వేగం మ్యాచ్‌లో పనికిరాదు. హోమ్ ప్లేట్ వెనక మొన నుంచి 38.80 మీటర్లు టేపుతో నేరుగా కొలవండి, అది రెండో బేస్ మధ్యబిందువు. హోమ్ మొన నుంచి 27.43, రెండో బేస్ బిందువు నుంచి 27.43, రెండు టేపులు కలిసేచోట మొదటి బేస్ బయటి మూల. అవతలివైపు అలాగే మూడో బేస్. మొదటి, మూడో బేసులు చదరం లోపల పడాలి. రెండోది మాత్రం మూల మీద మధ్యగా కూర్చుంటుంది. పిచ్చర్ కాలు ఆనించి బంతి వేసే రబ్బరు పట్టీ ముందంచు హోమ్ మొన నుంచి 18.44. టేపు లేదని నైలాన్ తాడు వాడతారు, అది లాగితే సాగుతుంది, అరమీటరు తేడా వస్తుంది. గీతలకి ముగ్గుపిండి వాడండి. కాల్చిన సున్నం వాడకూడదు, స్లైడ్ చేసినవాడి గీసుకుపోయిన చర్మం మీద, కళ్లలో పడితే కాలుతుంది. బేసులకి ఇసుక నింపిన ఎరువుల సంచులు పెట్టడం ఇంకో ప్రమాదం. అవి బండల్లాగ ఉండి పాదం మెలిపడుతుంది. పలచటి రబ్బరు మ్యాట్‌ని 38 సెంటీమీటర్ల చదరంగా కోసి పరిస్తే ప్రాక్టీసుకి సరిపోతుంది.

400 మీటర్ల ట్రాక్ మధ్యలో బేస్‌బాల్ వేసేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు. పొడుగు గీత వెంబడి ఒక వంపు లోపల హోమ్ ప్లేట్ పెడితే, రెండు ఫౌల్ గీతలూ (హోమ్ నుంచి మొదటి, మూడో బేసుల మీదుగా పోయే హద్దు గీతలు) 51, 52 మీటర్ల దగ్గర మొదటి లేన్‌ని తాకుతాయి. అంటే బ్యాటింగ్ జరుగుతున్నప్పుడు ట్రాక్ మీద ఎవరూ ఉండకూడదు. 142 నుంచి 149 గ్రాముల గట్టి బంతి అది, తల వంచి బ్లాక్‌లో కూర్చున్నవాడికి కనపడదు. వేళలు విడగొట్టండి. పొద్దున్న ట్రాక్, సాయంత్రం బ్యాట్.

లాంగ్‌జంప్ గుంటకి నది ఇసుక నాగావళి, వంశధార పక్కనున్నవాళ్లకి తేలిగ్గా దొరుకుతుంది. గులకరాళ్లు జల్లెడపట్టి పోయండి, దూకేముందు తడిపి గుల్లచేయండి. ఎండిన ఇసుక మీద పైపొర మెత్తగా ఉన్నా కింద గట్టిపడి ఉంటుంది, మడమలు దెబ్బతింటాయి. కళింగపట్నం, చింతపల్లి వైపు పిల్లలు బీచ్‌లో స్ప్రింట్ చేస్తే కాళ్లకి బలమని నమ్ముతారు. పొడి ఇసుకలో పాదం నేలమీద ఎక్కువసేపు ఉంటుంది, స్ప్రింటర్‌కి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. అలల దగ్గరి తడి ఇసుక గట్టిదే కానీ సముద్రంవైపు వాలుగా ఉంటుంది, ఒకే వైపు పరిగెత్తితే ఒక కాలికే బరువు. నెమ్మది పరుగుకి, చిన్న దూకుళ్లకి బీచ్ మంచిది, అదీ వెళ్లినంత దూరం తిరిగి వస్తూ.

బలానికి మాత్రం మనవాళ్లకి ఇంట్లోనే నిధి ఉంది. 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. విజయనగరం వైపు కొండవెలగాడలో వెయిట్‌లిఫ్టింగ్ ఇంటింటి విద్య. పవర్ క్లీన్ (బార్‌ని నేలమీంచి భుజాల దాకా ఎత్తడం), స్క్వాట్ అక్కడి మాస్టార్ల దగ్గర నేర్చుకోండి, పట్నం జిమ్‌లో మిషన్ల మీద కాదు. వారానికి రెండుసార్లు, వేగం పరుగులున్న రోజునే సాయంత్రం, మూడు నుంచి ఐదు సార్లు ఎత్తేవి నాలుగు సెట్లు. అలసిపోయేదాకా వద్దు. వేగం రోజునే పెట్టమనడానికి కారణం, మర్నాడు కాళ్లకి నిజంగా విశ్రాంతి దొరుకుతుంది.

ఇప్పుడు జావెలిన్, పిచింగ్. రెండూ భుజం మీదుగా విసిరేవే, రెండూ మోచేయి లోపలివైపు లిగమెంట్‌నే లాగుతాయి. మగవాళ్ల జావెలిన్ 800 గ్రాములు, ఆడవాళ్లది 600. పిచ్చర్ అయినవాడు ఆ సీజన్లో జావెలిన్ విసరకూడదు, ఇందులో రాజీ లేదు. మైదానం వెనక భాగంలో నిలబడే బయటి ఫీల్డర్ విసరవచ్చు, ఒకే రోజు రెండూ కాకుండా. పిచ్చర్‌కి బంతుల లెక్క రాయాలి: 30 వరకు వేస్తే మర్నాడు వేయవచ్చు, 31 నుంచి 45 అయితే ఒక రోజు, 46 నుంచి 60 అయితే రెండు రోజులు, 60 దాటితే కనీసం మూడు, 80 దాటితే నాలుగు రోజులు ఆపాలి. మోచేయి లోపలివైపు నొప్పితో వచ్చినవాడికి ఐస్ పెట్టి మళ్లీ వేయించకండి, డాక్టరుకి చూపించండి.

అన్నిటికంటే ఎక్కువగా తెగేది హామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం. ట్రాక్‌లో వేడెక్కి పరిగెత్తుతారు, బేస్‌బాల్‌లో అలా కాదు. ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చుని ఉన్నవాడు లేచి బ్యాట్ ఊపి వెంటనే నిండు వేగం. స్ప్రింటర్లకి దెబ్బ తగిలేది చాలావరకు ఇక్కడే, ఎందుకంటే వాళ్ల కండరం పుట్టించే వేగం ఎక్కువ. తన వంతుకి ఇద్దరు బ్యాటర్ల ముందే లేచి, పక్కన 15 మీటర్లు మూడుసార్లు వేగం పెంచుకుంటూ పరిగెత్తాలి. ప్రతి మ్యాచ్‌లో, ప్రతిసారి. వారానికి రెండుసార్లు నార్డిక్ కసరత్తు: మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా నెమ్మదిగా ముందుకి ఒరగడం. ఐదారు చొప్పున రెండు సెట్లతో మొదలుపెట్టండి. మొదటి వారం బాగా నొప్పులుంటాయి కనక పోటీల ముందు మొదలుపెట్టకండి, పెద్దపండగ సెలవులయ్యాక మొదలుపెడితే బాగుంటుంది.

తెగాక చేసే పెద్ద తప్పు వేడినూనెతో గట్టిగా తోమడం. కొత్తగా తెగిన కండరం మీద అలా తోమితే లోపల రక్తస్రావం పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు కట్టు, చల్లదనం, నొప్పి లేనంతవరకు నడక. మళ్లీ స్ప్రింట్ ఎప్పుడంటే, వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా లేపితే రెండు కాళ్లూ ఒకే ఎత్తుకి రావాలి, నెమ్మది పరుగు నొప్పి లేకుండా జరగాలి, తర్వాత సగం వేగం, ముప్పావు వేగం, ఒక్కొక్క మెట్టుకి మధ్య ఒక రోజు.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. పోటీకి ముందు డైక్లోఫెనాక్ మింగి దిగే అలవాటు ఉంది. చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ జాతి మాత్రలు మూత్రపిండాలకి రక్తం తగ్గిస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో చూస్తున్నాం. డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర వేసుకున్నవాణ్ణి ఆ రోజు ఆడించవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఐదున్నర నుంచి ఏడున్నర లోపు పరుగులు అయిపోవాలి. తీరం వైపు ఉక్క వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా బరువు చూడండి, తగ్గిన ప్రతి కిలోకీ ఒకటి నుంచి ఒకటిన్నర లీటరు నెమ్మదిగా తాగాలి. ఉప్పేసిన మజ్జిగ, చోడి అంబలి ఏ ప్యాకెట్ డ్రింకుకీ తీసిపోవు. విరేచనాలైనవాళ్లకి లీటరు మరగకాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి ఇవ్వండి, చెంచాలు తలకొట్టి కొలవాలి.

స్పైక్స్ రెండు జతలు కావాలి, ఒక దానితో రెండూ నడపడం కుదరదు. సింథటిక్ ట్రాక్ మీద మేకు 9 మిల్లీమీటర్లు దాటకూడదు, జావెలిన్‌కి, హైజంప్‌కి 12. మట్టి ట్రాక్ మీద 25 వరకు నియమం ఒప్పుకుంటుంది కానీ మన గట్టి ఎర్రనేలలో పొడుగు మేకులు దిగవు, పిక్కముందు ఎముక నొప్పి తెస్తాయి. ట్రాక్ స్పైక్స్‌తో బేసుల మీద పరిగెత్తకూడదు. మడమ దగ్గర పట్టు లేక ఆగేటప్పుడు జారుతారు, స్లైడ్ చేస్తే మేకు నేలలో చిక్కుకుని మోకాలు మెలిపడుతుంది. డబ్బు ఒక జతకే ఉంటే ట్రాక్ స్పైక్స్ కొనుక్కుని, బేస్‌బాల్‌కి ఎవరినైనా అడిగి తెచ్చుకున్న ఫుట్‌బాల్ స్టడ్స్ వాడండి.

ఒకే వారంలో రెండు పోటీలు పడితే? అథ్లెటిక్స్‌లో పేరు ఖాయం చేశాక సరైన కారణం లేకుండా ఒక ఈవెంట్‌లో దిగకపోతే మిగతా ఈవెంట్లకి, రిలేకి కూడా అనర్హత వస్తుంది. మ్యాచ్‌కి పోవాల్సి ఉందని చెప్తే అది కారణం కింద రాదు. కనక టైమ్‌టేబుల్ చూసి, కుదరని ఈవెంట్‌లో పేరు ముందే తీసేయండి. ఒకే రోజు రెండూ కుదిరితే దూకడమో పరుగో ముందు, మ్యాచ్ తర్వాత. తిరగేస్తే తొమ్మిది ఇన్నింగ్స్ నిలబడి అలసిన కాళ్లతో బోర్డు మీద కాలు పడాలి, అది ప్రమాదం. లాంగ్‌జంప్‌లో మొదటి మూడు అవకాశాల్లో మంచి దూరం వస్తే మిగతావి వదిలేయమని చెప్పండి. మధ్యలో అరటిపళ్లు, అంబలి, కొంచెం అన్నం, బస్సులో కాళ్లు చాపుకునే సీటు. మ్యాచ్‌కి చేరాక కొత్తగా వార్మప్ మొదలుపెట్టాలి, పొద్దున్నది లెక్కలోకి రాదు. ఆ రోజు మొదటి ఇన్నింగ్స్‌లో బేస్ దొంగిలించమని సైగ చేయకండి.

బ్యాటింగ్‌కి మాత్రం ట్రాక్ ఏమీ సాయం చేయదు. వారానికి రెండు రోజులు దానికి విడిగా ఉండి తీరాలి. మిషన్లు లేకపోయినా పనవుతుంది. పాత సాక్సులో బంతి వేసి వేపకొమ్మకి నడుము ఎత్తులో కట్టి రోజుకి అరవై డెబ్భై ఊపులు, ప్రతి పదికీ ఆగి. తర్వాత ఐదారు మీటర్ల నుంచి పక్కగా కూర్చున్న తోటివాడు కింది చేత్తో వేసే టెన్నిస్ బంతులు. ఆ తర్వాతే అసలు పిచ్చర్. ఎడమచేత్తో కొట్టడం వచ్చిన స్ప్రింటర్ దొరికితే వదలకండి, మొదటి బేస్‌కి వాడు సుమారు ఒకటిన్నర అంగ దగ్గరగా బయల్దేరతాడు. కొత్తవాళ్లలో అలాంటివాళ్లని వెతకడం జూలైలో, కాలేజీలు తెరిచిన మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.